పుస్తకం మూసి చదవడం

రాయచూరు నుంచి హైదరాబాదు దారిలో బయలుదేరితే వూరి సందడి తగ్గుతూ వుండగానే యరమరస్ వస్తుంది. రైలు స్టేషను, 800 మెగావాట్ల యూనిట్లు రెండు వున్న థర్మల్ విద్యుత్ కేంద్రం మన చదువరులలో చాలామందికి తెలిసినవే. ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల కూడా యిక్కడే వుంది. రాయచూరు ట్రిపుల్ ఐటీ 2019లో ఐఐటీ హైదరాబాదు ఆవరణలో మొదలై, తరువాత యీ కళాశాల ఆవరణకు వచ్చి తరగతులు నడిపింది. ఒకప్పుడు పై చదువంటే పెట్టె సర్దుకొని రైలెక్కడమే. యిప్పుడు చదువే మన గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాకా వచ్చినది యింట్లోకి రావడం మాత్రం అంత తేలిక కాదని యీమధ్య ఒక యింట చూశాము.

తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్ళు వచ్చిన తరువాత కోస్తా జిల్లాలనుంచి వచ్చి క్యాంపు కట్టుకొని స్థిరపడిన కుటుంబం అది. పొలం కౌలుకు యిచ్చి, తండ్రి యరమరస్‌లో షిఫ్టు వుద్యోగానికి వచ్చాడు. అమ్మాయి ఇంజనీరింగు మొదటి సంవత్సరం. పీయూసీలో తొంభై శాతం పైన తెచ్చుకున్న పిల్ల. మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు పోయాయి.

“రాత్రి రెండింటిదాకా దీపం ఆర్పదండీ. యింకెంత చదవాలి?” అని తల్లి మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్న వెనుక మరొకటి వుంది. మేనమామ అప్పటికే ఒక సంబంధం తెచ్చి, “పేపర్లు పోతున్నప్పుడు ఫీజులు కట్టడమెందుకు?” అంటున్నాడట. నాలుగేళ్ళకు లెక్క కట్టుకున్న యిల్లు ఐదో యేటికి అప్పు చెయ్యాలి. అమ్మాయి తలవంచుకొని కూర్చుంది. ఆమెకు చదువు మానాలని లేదు.

పుస్తకం తెప్పించి చూశాము. పేజీ పేజీకీ పసుపురంగు గీతలే. రంగు పూయని వాక్యం వెతుక్కోవలసి వచ్చింది. యెన్నిసార్లు చదివావమ్మా అంటే ఐదుసార్లంది. “అయితే పుస్తకం మూసి, ట్రాన్స్‌ఫార్మరు యెలా పనిచేస్తుందో చెప్పు” అన్నాము. ఇంగ్లీషు నిర్వచనం ఒకటిన్నర వాక్యం వచ్చి ఆగిపోయింది. పుస్తకం తెరవగానే, “యిది నాకు తెలుసండీ!” అంది.

అబద్ధం కాదు, తెలుసు. తేరు జాతరలో యెదురైన మనిషి ముఖం తెలిసినట్టు తెలుసు. పేరేమిటంటే నోట రాదు. పరీక్షలో పేరే అడుగుతారు.

యీ తేడాను అమెరికాలో రోడిగర్, కార్పికే అనే యిద్దరు పరిశోధకులు 2006లో కొలిచి చూపించారు. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం యిచ్చి, కొందరిచేత మళ్ళీ మళ్ళీ చదివించారు. మరికొందరిచేత ఒకసారి చదివించి, ఆ తరువాత కాగితం తీసేసి, గుర్తున్నది రాయించారు, మూడుసార్లు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పెడితే తలకిందులయింది. చదువుతూ పోయినవారికి నూటికి 40 పాళ్ళు గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 61 పాళ్ళు గుర్తున్నది. యింకో విశేషం యేమిటంటే, వారం తరువాత తమకే బాగా గుర్తుంటుందని గట్టిగా నమ్మినవారు మళ్ళీ మళ్ళీ చదివినవారే! మన అమ్మాయి కూడా సరిగ్గా అలాగే నమ్మింది. అందుకే రెండింటిదాకా దీపం.

మరుపు సంగతి యింకా పాతది. 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను పండితుడు అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, తానే మరచిపోయి, లెక్క రాసుకున్నాడు. ఆ మరుపు మొదటి కొన్ని గంటలలోనే జోరుగా సాగి, తరువాత నెమ్మదిస్తుందని తేల్చాడు. కాబట్టి ఆదివారం ఆరుగంటలు కూర్చోవడం కన్నా, విన్ననాటి సాయంత్రం అరగంట, రెండురోజులాగి అరగంట, వారానికి మరో అరగంట మేలు.

యిదంతా మన పెద్దలకు కొత్త కాదు. ఎక్కాలు, శతక పద్యాలు, పెద్దబాలశిక్ష అన్నీ పుస్తకం మూసి అప్పజెప్పినవే కదా. అయితే ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకోమని మేము చెప్పడం లేదు. అర్థం అడిగితే బిక్కమొహం వేసిన పిల్లలు ఆనాడూ వున్నారు. ఆ పిల్లల్లో మేమూ వున్నాము. అప్పజెప్పడం వుంచుకొని, బట్టీని వదలాలి. అంటే పాఠం మాటలు కాదు, పాఠంలోని సంగతి సొంత మాటల్లో చెప్పాలి. వినేవాళ్ళు “యెందుకు?” అని అడగాలి.

వినేవాళ్ళు యెవరు? తండ్రికి షిఫ్టు, తల్లికి వంట. యింట్లో తీరికగా వున్నది నాయనమ్మ. ఆమె చదువు ఓనమాలు దాటలేదు. అయినా ఆమెకే చెప్పమన్నాము. అమ్మాయి నవ్వింది. సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. నాయనమ్మ కాసేపు విని, “రెండు చుట్టల తీగలూ ఒకదానికొకటి తగలవంటివి కదే, మరి కరెంటు యెలా దూకుతుంది?” అంది.

అమ్మాయి నోరు తెరచి మళ్ళీ మూసింది. లోపలికి వెళ్ళి పుస్తకం తీసింది. ఆ రాత్రి ఆమె నిజంగా చదివిన పేజీ అదొక్కటే అని మా అభిప్రాయం. తిరిగి వచ్చి, “మధ్యలో ఇనుము వుంది నాయనమ్మా. మొదటి చుట్టలో కరెంటు అటూ యిటూ మారుతుంటే ఇనుములో అయస్కాంత బలం మారుతుంది. ఆ మార్పే రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది” అంది. “మారకపోతే?” “పుట్టదు.” “అయితే బ్యాటరీ కరెంటుకు యిది పనికిరాదన్నమాట” అని ముసలమ్మ తేల్చేసింది. పాఠం చివరనున్న ప్రశ్నలలో అదీ ఒకటి.

ఆ మాటలన్నీ తెలుగులో జరిగాయి. బడి కన్నడం, యిల్లు తెలుగు, కాలేజీ ఇంగ్లీషు. మన పిల్లలు మూడు గుమ్మాలు దాటాలి. భాష మారడం యీ జిల్లాకు కొత్త కాదు. 1956 నవంబరు దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చాలాకాలం బోధన ఉర్దూలో సాగింది. యింట్లో తెలుగో కన్నడమో మాట్లాడి అక్కడ ఉర్దూలో పరీక్షలు రాసిన పెద్దలున్నారు. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం వచ్చాక దూరం తగ్గింది గాని గుమ్మాలు తగ్గలేదు. అర్థం చేసుకోవడం యే భాషలో అయినా ఫరవాలేదు. కాని అర్థమైన తరువాత అదే జవాబు గడియారం పెట్టుకొని ఇంగ్లీషులో రాసి తీరాలి. రాయకుండా “నాకు వచ్చు” అనుకొనేవారు పరీక్ష హాలులో మాటలు వెతుక్కుంటూ గంట పోగొట్టుకుంటారు.

యిది మంత్రం కాదని కూడా చెప్పాలి. లెక్కలలో పునాది లేకపోతే నాయనమ్మ ప్రశ్నలు చాలవు. ఆ అమ్మాయికి కాలిక్యులస్‌లో పీయూసీ నాటి లోపాలే వున్నాయి. అక్కడ చెయ్యవలసినది లెక్చరరు దగ్గరికి వెళ్ళి “యిది రాదండీ” అనడం. తొంభై శాతం తెచ్చుకున్న పిల్లకు ఆ మాట అనడమే అన్నిటికన్నా కష్టమైంది. రెండు వారాలు వాయిదా వేసి చివరకు వెళ్ళింది.

దీపం యిప్పుడు పదకొండింటికి ఆరుతోంది. దానికీ మొదట తల్లి భయపడింది, పిల్ల చదవడం లేదేమోనని. నైటు షిఫ్టు దిగి తండ్రి పగలు నిద్రపోతాడు గనుక, ఆ వారాలలో అమ్మాయి కాలేజీ లైబ్రరీలోనే ఐదింటిదాకా కూర్చొని వస్తోంది. ఫోను మాత్రం యింకా పక్కనే వుంటోంది. దాని విషయంలో మా సలహా నెగ్గలేదు.

ఎలక్ట్రికల్ పేపరు మళ్ళీ రాసి గట్టెక్కింది. లెక్కల పేపరు మిగిలివుంది. ఫలితం వచ్చేదాకా ఆగుతానని మేనమామ అన్నాడట, మానుకుంటానని అనలేదు. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి నాయనమ్మ మంచం దగ్గర పలక పట్టుకొని కూర్చుంటుంది. ముసలమ్మ మధ్యలో కునుకు తీస్తే యేం చేస్తావమ్మా అని అడిగాము.

“గోడకు చెబుతానండీ. కాకపోతే గోడ యెదురు ప్రశ్న వెయ్యదు” అంది.