షాన్ ఓ రియడా కాగితాలు

స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'బ్యారీ లిండన్' సినిమా (1975) చూసినవాళ్లకు అందులోని ఒక ఐరిష్ బాణీ గుర్తుండే ఉంటుంది. నిదానంగా, దిగులుగా సాగుతుంది. పేరు 'మ్నా నా హేరన్', అంటే ఐర్లండ్ స్త్రీలు. కథ 18వ శతాబ్దానిది కాబట్టి బాణీ కూడా అప్పటిదే అనుకుంటాం. సాహిత్యం నిజంగానే ఆ శతాబ్దపు కవిది. బాణీ మాత్రం 20వ శతాబ్దంలో ఐరిష్ స్వరకర్త షాన్ ఓ రియడా కట్టింది. సినిమా వచ్చేసరికి ఆయన పోయి నాలుగేళ్లయింది. దాన్ని 'పాతకాలపు జానపదం' అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒక స్వరకర్తకు ఇంతకన్నా మెప్పు ఏముంటుంది అనిపించవచ్చు. సంగీత చరిత్ర రాసేవాళ్లకు మాత్రం అది చిక్కు. పరంపరగా అందింది ఎంత, తను కట్టింది ఎంత అని తేల్చాలంటే ఆధారం కావాలి. అది దొరికేది ఆ మనిషి వదిలిపోయిన కాగితాల్లో, టేపుల్లో. పాశ్చాత్య శాస్త్రీయం, ఐరిష్ సంప్రదాయం అనే రెండు సంగీతాల మధ్య బతికినవాడి విషయంలో ఆ ఆధారాలను భద్రపరచడం మామూలు స్వరకర్త కాగితాలను భద్రపరచడం కంటే చాలా కష్టం. ఎందుకో చూద్దాం.

ఓ రియడా 1931లో కార్క్ నగరంలో పుట్టాడు. అప్పటి పేరు జాన్ రీడీ. కార్క్ యూనివర్సిటీ కాలేజీలో అలోయిస్ ఫ్లైష్‌మన్ దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదివి 1952లో డిగ్రీ తీసుకున్నాడు. డబ్లిన్ రేడియోలో ఉద్యోగం చేశాడు, అది వదిలి కొన్నాళ్లు పారిస్ వెళ్లాడు, తిరిగొచ్చి అబీ థియేటర్‌కు సంగీత దర్శకుడయ్యాడు. 1957లో తీగ వాద్యాల కోసం 'నోమోస్ 1' రాశాడు. యూరప్‌లో ఏ ఆర్కెస్ట్రా అయినా కాగితం ముందు పెట్టుకొని వాయించగల రచన అది.

1959లో 'మిషె ఏర' వచ్చింది. బ్రిటిష్ పాలన మీద 1916లో వచ్చిన తిరుగుబాటు చుట్టూ జరిగిన కథను జార్జ్ మారిసన్ పాత వార్తాచిత్రాల ముక్కలు ఏరి తెచ్చి సినిమాగా కూర్చాడు. దానికి ఓ రియడా పల్లె పాటల బాణీలను పెద్ద ఆర్కెస్ట్రాతో వాయింపజేశాడు. 'రోషీన్ దూవ్' అనే పాట బాణీని హార్న్ ఎత్తుకోగానే థియేటర్లలో జనం పులకించిపోయారు. జాన్ రీడీ షాన్ ఓ రియడాగా ఊరూరా తెలిసింది అప్పుడే.

అదే ఊపులో ఇంకెవరైనా అయితే అలాంటి సినిమాలు పది చేసుకునేవారు. ఆయన అటు పోలేదు. 1960 ప్రాంతంలో ఫిడేలు, వేణువు, విజిల్, ఇలన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాద్యం వాయించే సంప్రదాయ కళాకారులను పోగుచేసి 'క్యోల్తోరీ హూలన్' అనే బృందం కట్టాడు. బౌరాన్ అనే చేతి డప్పును కచేరీ వేదికకు ఎక్కించింది ఈ బృందమే. తను హార్ప్సికార్డ్ అనే పాత మీటల వాద్యం వాయించేవాడు, లోహపు తీగలున్న పాత ఐరిష్ హార్ప్ ధ్వనికి అది దగ్గరగా ఉంటుందని ఆయన నమ్మకం. ఈ బృందంలోని కొందరు 1962లో 'చీఫ్టెన్స్' అనే వేరే బృందంగా ఏర్పడి లోకమంతా తిరిగారు.

చిక్కు మొదలయ్యేది ఇక్కడే. 'నోమోస్'కు ప్రతి స్వరమూ కాగితం మీద ఉంది. బృందం వాయించిన దాంట్లో కాగితం మీద ఉండేది ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎక్కడ అందరూ కలవాలి అన్న ఏర్పాటు. అసలు సంగీతం కళాకారుల చేతుల్లో ఉంది. ఐరిష్ నృత్య బాణీ ఒకటి రాస్తే అరపేజీ దాటదు. ఎనిమిది ఆవర్తాల ముక్కలు రెండు, ఒక్కోటి రెండుసార్లు. మంచి ఫిడేలు వాద్యకారుడు ఆ అరపేజీని మూడుసార్లు వాయిస్తే మూడూ ఒకలా ఉండవు. స్వరాన్ని చుట్టడం, నొక్కడం, తెంపడం, ఊపిరి చోటు మార్చడం, ఇవన్నీ చెవి నుంచి చెవికి వచ్చేవి. గమకం లేకుండా రాసిన స్వరాలు చూసి తోడి రాగం పాడమంటే మన గాయకులు ఎంత నవ్వుతారో, ఆ అరపేజీ చూసి వాయిస్తానంటే అక్కడివాళ్లూ అంతే నవ్వుతారు.

ఈ సంగతి ఓ రియడాకు బాగా తెలుసు. 1962లో ఐరిష్ రేడియోలో చేసిన ప్రసంగ పరంపరలో ఆయన వాదన అదే. ఈ సంగీతం యూరప్ పద్ధతిలో ఒక మొదలు నుంచి ఒక ముగింపుకు నడవదు, చుట్టూ తిరిగి వస్తూ ప్రతి చుట్టులోనూ కొత్తదనం చూపిస్తుంది అన్నాడు. కొన్ని ప్రాచ్య సంగీతాలకే ఇది దగ్గర అని కూడా అన్నాడు. అందులో అతిశయోక్తి ఉందని నా అభిప్రాయం, కానీ ఆ అతిశయోక్తి పనిచేసింది. పల్లె సంగీతాన్ని చిన్నచూపు చూసిన చదువుకున్నవాళ్లు చెవులు రిక్కించారు.

అందుకే ఇలాంటి వ్యక్తి భాండాగారంలో స్వరపత్రం పక్కన టేపు, టేపు పక్కన ఉత్తరం ఉండాలి. స్వరపత్రం ఏర్పాటు చెబుతుంది. టేపు వాయించిన తీరు చెబుతుంది. ఉత్తరం, డైరీ, ప్రసంగం చిత్తుప్రతి ఆ ఏర్పాటు ఎందుకో చెబుతాయి. ఒకటి పోయినా మిగతా రెండూ సగం మూగబోతాయి.

ఆయన పత్రాలు ఇప్పుడు కార్క్ యూనివర్సిటీ కాలేజీ బూల్ లైబ్రరీలో ఉన్నాయి. (కంప్యూటర్లకు పునాది వేసిన తర్కశాస్త్రం కనిపెట్టిన జార్జ్ బూల్ పేరే అది, ఆయన అక్కడే లెక్కలు చెప్పాడు.) ఇలాంటి పెట్టెలు లోపలికి రాగానే భాండాగారం వాళ్లు చేసే మొదటి పని, సర్దకపోవడం. సంగీతకారుడు ఏ కాగితం పక్కన ఏ కాగితం పెట్టుకున్నాడో అదే ఒక సాక్ష్యం. ఒక బాణీ చిత్తుప్రతి సినిమా ఒప్పందంతో కలిసి ఉంటే ఒక అర్థం, ఎవరో పల్లె గాయకుడి దగ్గర రాసుకున్న పాటల మధ్య ఉంటే ఇంకో అర్థం. తర్వాతి పని పేర్లు. జాన్ రీడీ అని ఉన్న కాగితమూ, షాన్ ఓ రియడా అని ఉన్న కాగితమూ ఒకే మనిషివని జాబితాలో ముడిపెట్టకపోతే వెతికేవాళ్లకు సగం జీవితం దొరకదు.

టేపుల పని మరీ తొందరది. 1950ల నాటి అసిటేట్ టేపులు పెళుసెక్కి వెనిగర్ వాసన వేస్తాయి. తర్వాతి తరం టేపుల్లో కొన్ని తేమ పీల్చి జిగురుగా మారతాయి. పైగా వాటిని తిప్పే యంత్రాలూ, బాగుచేసే మెకానిక్కులూ కరువవుతున్నారు. కాగితం వందేళ్లు ఆగుతుంది, టేపు ఆగదు.

చిత్తుప్రతుల విలువ తెలియాలంటే ఐర్లండ్‌లోనే పాత ఉదాహరణ ఉంది. 1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ కళాకారుల సభ జరిగింది. వాళ్లు వాయిస్తుంటే రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే 19 ఏళ్ల ఆర్గాన్ వాద్యకారుణ్ని కుదిర్చారు. వచ్చినవాళ్లలో తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ ఒకడు, లోహపు తీగలను గోళ్లతో మీటే పాత పద్ధతి ఆయనది. 1796లో బంటింగ్ అచ్చువేసిన పుస్తకంలో ఆ బాణీలు పియానోకు తగ్గట్టు మారిపోయాయి. ఆయన నోటు పుస్తకాలు బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీకి చేరబట్టి పరిశోధకులు పియానో పూత కింద ఏముందో చూడగలిగారు. అచ్చు పుస్తకం ఒక్కటే మిగిలి ఉంటే ఆ పూతే అసలు అనుకునేవాళ్లం.

 

మళ్లీ ఓ రియడా దగ్గరకు వద్దాం. 1960ల మొదట్లో ఆయన డబ్లిన్ వదిలి, కార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, ఐరిష్ మాట్లాడే కూల్ ఏ అనే పల్లెలో కాపురం పెట్టాడు. అక్కడి మగవాళ్లతో ఒక గానబృందం కట్టి, చర్చి ప్రార్థనకు ఐరిష్‌లో సంగీతం చేశాడు. 1971 అక్టోబరు 3న లండన్ ఆసుపత్రిలో పోయేనాటికి వయసు 40. గానబృందాన్ని ఆయన కొడుకు ప్యాడర్ నడిపించాడు. ఆ గొంతుల్లో నిలిచిన బాణీలకు ఏ లైబ్రరీలోనూ పెట్టె నంబరు ఉండదు. ఆయన శిష్యుడు మీహాల్ ఓ సూలవాన్ లిమరిక్ యూనివర్సిటీలో సంప్రదాయ సంగీతానికి పెద్ద విద్యాకేంద్రమే స్థాపించాడు. భాండాగారం అంటే కాగితాల గది మాత్రమే అనుకునేవాళ్లు ఈ భాగాన్ని లెక్కలోకి తీసుకోరు. అది పొరపాటు.

చివరగా హక్కుల సంగతి. కాగితం ఎవరి దగ్గర ఉన్నా దాని మీది సంగీతం హక్కు వేరు. ఐర్లండ్ చట్టం ప్రకారం రచయిత పోయాక 70 ఏళ్లు హక్కు నిలుస్తుంది. అంటే ఓ రియడా రచనలకు 2041 చివరి దాకా. 'రోషీన్ దూవ్' బాణీ ఎవరిదీ కాదు, 'మిషె ఏర'లో దానికి ఆయన చేసిన ఆర్కెస్ట్రా కూర్పు ఆయనది. 'మ్నా నా హేరన్' బాణీ మొత్తం ఆయనదే. ఏది ఏదో కోర్టులో అడిగినా, క్లాసులో అడిగినా జవాబు చెప్పేది మళ్లీ ఆ పెట్టెలే.

వినాలనుకునేవాళ్లకు ఒక మాట. ముందు 'మిషె ఏర' వినండి. తర్వాత 1969లో డబ్లిన్ గెయిటీ థియేటర్‌లో బృందంతో చేసిన కచేరీ రికార్డు 'ఓ రియడా సా గెయిటీ' వినండి. ఆఖరున, ఆయన పోయాక విడుదలైన 'ఓ రియడాస్ ఫేర్‌వెల్' వినండి, అందులో హార్ప్సికార్డ్ ఒక్కటే ఉంటుంది. ఈ వరసలో వింటే ఆర్కెస్ట్రా నుంచి ఒంటరి వాద్యం దాకా ఆయన ఎలా వచ్చాడో మీ చెవికే తెలుస్తుంది.