చించినాడ వంతెన మీద సిగ్నల్

2022 మే చివరి వారం. సెలవులకు రాజోలు దీవిలోని మా ఊరికి వెళ్లి ఉన్నాను. ఉదయం ఏడు కాకముందే మా మేనల్లుడు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని, ‘‘మావయ్యా, చించినాడ దాకా వస్తారా? సిగ్నల్ అక్కడే’’ అన్నాడు. వసిష్ఠ గోదావరికి ఇటు దిండి, అటు చించినాడ. వంతెన దాటితే పశ్చిమ గోదావరి జిల్లా. అప్పటికి కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆగి కొన్ని రోజులైంది. కరోనా తర్వాత ఇంకా ఇళ్ల నుంచే హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు పనిచేస్తున్న కుర్రాళ్లు వంతెన మీద, గట్టు మీద, కొబ్బరి నీడల్లో లాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొందరు రావులపాలెం మీదుగా ఏరు దాటారు, మరికొందరు ఎదుర్లంక వంతెన దాటి యానాం చేరారు.

యానాం సంగతి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. బాల్యవివాహాలను నిషేధిస్తూ 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి యానాంకు ఇటువైపు కుటుంబాలు పిల్లలను తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేవి. దానికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. చట్టాన్ని తప్పించుకోవడానికి ఒకప్పుడు దాటిన గోదావరినే, దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, ఉద్యోగం నిలుపుకోవడానికి దాటవలసి వచ్చింది.

జరిగింది అందరికీ తెలిసిందే. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దాని పేరును డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమగా మార్చాలన్న ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడింది. అభ్యంతరాలకు ముప్ఫై రోజుల గడువు ఉంది. మే 24న అమలాపురం రోడ్ల మీద నిరసన హింసగా మారింది. దళితుడైన మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, మత్స్యకార కులానికి చెందిన ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ కుమార్ ఇల్లు తగలబడ్డాయి. ఆ వెంటనే ఇంటర్నెట్ ఆగింది. జూన్ మొదటి వారం దాకా పూర్తిగా తిరిగి రాలేదు. జనాన్ని కూడగట్టడానికి వాట్సాప్ గ్రూపులు వాడారని పోలీసులు చెప్పారు. తర్వాత అవే గ్రూపుల సందేశాలు, అవే ఫోన్లలో తీసిన వీడియోలు నిందితులను గుర్తించే సాక్ష్యాలయ్యాయి.

ఇక వంతెన మీద నేను చూసింది. మా మేనల్లుడి సిమ్‌కు అవతలి ఒడ్డు టవరు బాగా అందింది. అతని పక్కన కూర్చున్న యువకుడి సిమ్ వేరే కంపెనీది, దానికి అందలేదు. ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బడి. ఇతనిది పేట, అతనిది ఊరి నడివీధి. పది గంటలకు మీటింగు. అతను ఫోన్ తీసి చుట్టుపక్కల హాట్‌స్పాట్‌లు వెతికాడు. తెరమీద మొదట కనిపించిన పేరు ‘జైభీమ్’. అది మా వాడిది. వారం క్రితమే ఆ యువకుడు ‘కోనసీమ పేరు కోనసీమే’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టిన సంగతి మా వాడికి తెలుసు. తెలుసని అతనికీ తెలుసు. కాసేపు ఇద్దరూ నీటికేసి చూశారు. ‘‘పాస్‌వర్డ్ ఏంట్రా?’’ అన్నాడతను చివరికి. మా వాడు ఒక్కొక్క అంకె పలుకుతూ చెప్పాడు: ఒకటి, నాలుగు, సున్నా, నాలుగు, ఒకటి, ఎనిమిది, తొమ్మిది, ఒకటి. అంబేడ్కర్ పుట్టిన తేదీ. అతను ఆ ఎనిమిది అంకెలూ నొక్కి మధ్యాహ్నం దాకా పనిచేసుకున్నాడు. వెళ్తూ ‘‘థ్యాంక్స్ రా’’ అన్నాడు. స్టేటస్ మారిందా అని నేను అడగలేదు. మారలేదని తర్వాత మా వాడే చెప్పాడు.

ఈ సంఘటనను సామరస్యానికి ఉదాహరణగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక సాయంత్రం మా వాడి ఫోనూ, నా ఫోనూ పక్కపక్కన పెట్టి గ్రూపులు లెక్కపెట్టాం. పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఒకటి ఉంది. అందులో పుట్టినరోజు శుభాకాంక్షలూ, సినిమా కబుర్లూ తప్ప మరేమీ ఉండవు. అసలు మాటలన్నీ కులం గ్రూపుల్లో సాగుతాయి. ఊరికీ పేటకూ నడుమ ఒకప్పుడు కాలువో, చెరువుగట్టో, పాటిదిబ్బో అడ్డం ఉండేది. ఇప్పుడు అడ్మిన్ ఉన్నాడు. పెళ్లిసంబంధాల యాప్‌లో ఎత్తు, జీతం, కులం, ఉపకులం పక్కపక్కనే ఎంచుకునే గడులుగా ఉంటాయి. ఫోన్‌లో పేరు దాచుకునేటప్పుడు పక్కన కులం కూడా రాసుకునేవాళ్లు నాకు తెలుసు. వారిలో ప్రొఫెసర్లూ ఉన్నారు. గ్రామం ప్రజాస్వామ్యానికి పునాది కాగలదన్న భావనను 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంబేడ్కర్ నిర్ద్వంద్వంగా తోసిపుచ్చారు. ఆ గ్రామం ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా జేబులో వెంట వస్తోంది. కాలిఫోర్నియాకు కూడా వెళ్లింది. సిస్కో సంస్థలో దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష చూపారని 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వ విభాగమే కేసు వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. కోడ్ రాసే చేతికి కులం ఉండదని నమ్మే మన ఇంజనీరింగ్ కాలేజీల్లో వీటిని పాఠంగా చెప్పేవారు అరుదు.

అలాగని ఫోన్‌ను దోషిగా నిలబెట్టడం కూడా తప్పే. 2015లో షిర్డీలో ఒక దళిత యువకుణ్ని చంపడానికి కారణం అతని ఫోన్‌లో మోగిన అంబేడ్కర్ పాట రింగ్‌టోన్. ఆ హత్యను ఫోన్ చేయలేదు. అదే ఫోన్, 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి ఉత్తరాన్ని లక్షల మంది కళ్లముందుకు తెచ్చింది. ఆ ఉత్తరాన్ని నేను మొదట చదివింది ఫోన్ తెరమీదే. దళిత్ కెమెరా, రౌండ్ టేబుల్ ఇండియా వంటివి పత్రికల్లో చోటు దొరకని మాటలకు చోటిచ్చాయి. ఇది కొత్త అవసరమేమీ కాదు. 1920 జనవరి 31న అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ ప్రారంభించినప్పుడు, డబ్బులిస్తామన్నా ఆ ప్రకటన వేయడానికి ‘కేసరి’ పత్రిక ఒప్పుకోలేదు. ఎవరి మాట వినబడాలో నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న అప్పటినుంచీ ఉంది.

అందుకే ఆ రెండు వారాల నిశ్శబ్దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మంటలు పెట్టినవారి గ్రూపులతో పాటు, భయపడినవారి గ్రూపులూ మూగబోయాయి. పేటలో రాత్రిపూట మోటారు సైకిళ్ల శబ్దం వినబడితే వీడియో తీసి పంపడానికి దారి లేదు. పుకారును ఖండించడానికీ దారి లేదు. నిజానికి పుకారుకు ఇంటర్నెట్ అక్కర్లేదు. అది టీ కొట్టు మీదుగా నడిచి వస్తుంది. ఖండనకే సిగ్నల్ కావాలి. ఎప్పటిలాగే ఆ రోజుల్లోనూ బటన్ ఫోన్ వాడిన మా అమ్మకు నెట్ ఆగిందన్న సంగతి తెలియదు. ‘‘నీ ఫోను మోగుతూనే ఉంది కదరా’’ అంది. కానీ ఆమె పింఛను వాలంటీరు ఫోన్‌లో పడే వేలిముద్ర మీద అప్పట్లో ఆధారపడి ఉండేదనీ, జూన్ ఒకటో తేదీ ఆ రోజుల్లోనే పడిందనీ నాకు తెలుసు. అదే మే 16 నుంచి, ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఉపాధి హామీ పనిచోట్ల హాజరును మొబైల్ యాప్‌లో ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరైంది. అంటే పేదవాడి కూలిని ముందు ఫోన్‌కు కట్టేశాం, ఎనిమిది రోజులకు ఆ ఫోన్‌కు నెట్ ఆపేశాం. వంతెన మీద లాప్‌టాప్‌తో కూర్చున్నవారి ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. మట్టి తవ్వేవారికి అలాంటి వంతెన లేదు.

ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రకటించాలనీ, అవి అవసరానికి మించకూడదనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. ఒక ఉత్తర్వు పదిహేను రోజులకు మించి చెల్లదని అదే ఏడాది నిబంధనలను సవరించారు. అయినా 2022లో ప్రపంచమంతటా నమోదైన 187 నిలిపివేతల్లో 84 మన దేశంలోనివేనని యాక్సెస్ నౌ సంస్థ లెక్క. శాంతిభద్రతల వాదనను నేను కొట్టిపారేయను. ఆ సాయంత్రం అమలాపురంలో మరో ఇల్లు తగలబడకుండా ఆపడానికి ఒకటి రెండు రోజుల నిలిపివేత అవసరమైందని వాదిస్తే వింటాను. రెండు వారాలకు ఆ వాదన సరిపోదు. పైగా నెట్ తిరిగి వచ్చిన రోజున ఆ కులం గ్రూపులన్నీ ఎక్కడ ఆగాయో అక్కడినుంచే మొదలయ్యాయి. అమలాపురం లోక్‌సభ స్థానం, దాని పరిధిలోని రాజోలు, పి.గన్నవరం, అమలాపురం శాసనసభ స్థానాలు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినవి. ఈ నేల లోక్‌సభకు స్పీకరుగా జీఎంసీ బాలయోగిని పంపింది. దళితుడికి ఓటు వేయక తప్పని చోట, దళితుడి పేరు చిరునామాలో రాసుకోవడానికి ఇంత బాధ ఎందుకో ఏ పార్టీ కూడా తన కార్యకర్తలను కూర్చోబెట్టి అడిగినట్టు నేను వినలేదు.

2022 జూన్ 24న మంత్రివర్గం పేరు మార్పుకు ఆమోదం తెలిపింది, తర్వాత గెజిట్ వచ్చింది. ఆ పేరు ఇప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తుల్లోకి చేరింది. మొన్న ప్రవేశాల పరిశీలనలో కోనసీమ విద్యార్థుల దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి. జిల్లా గడిలో టైపు చేయడానికి వీలుండదు, జాబితాలోంచి ఎంచుకోవాల్సిందే. అందరూ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అని ఎంచుకున్నారు. దాని కిందే చిరునామాకు ఖాళీ గడి ఉంది, అక్కడ ఎవరికి తోచింది వారు రాసుకోవచ్చు. నాలుగైదు దరఖాస్తుల్లో ఊరు, మండలం, పిన్‌కోడ్ రాశాక, అడగకపోయినా, మళ్లీ జిల్లా పేరు టైపు చేసి ఉంది. ఉత్త కోనసీమ అని.