మూసీ పుట్టింటికి పోయొద్దామా!

బోరబండలో ఎంఎంటీఎస్‌ ఎక్కితే తర్వాతి స్టేషన్‌ హైటెక్‌ సిటీ. అద్దాల మేడలు చూస్తూ లింగంపల్లి చేరి, అక్కడ వికారాబాద్‌ వైపు వెళ్లే రైలు అందుకుంటే చాలు... కాసేపటికి కాంక్రీటు వెనకబడి, చేలూ చెట్లూ కనిపిస్తాయి. వికారాబాద్‌లో దిగి ఆటోలో ఆరు కిలోమీటర్లు వెళ్తే అనంతగిరి. హైదరాబాద్‌ను రెండుగా చీల్చుకుంటూ పారే మూసీకి పుట్టిల్లు అదే!

చుట్టూ అడవి, మధ్యలో మెలికలు తిరిగే ఘాట్‌ రోడ్డు. ఇక్కడి గాలి ఎంత స్వచ్ఛమంటే, క్షయరోగుల కోసం నిజాం కాలంలోనే ఈ కొండమీద ఆసుపత్రి కట్టారు. కొండపై కొలువైన దేవుడు అనంతపద్మనాభస్వామి. మార్కండేయ మహర్షి ఇక్కడే తపస్సు చేశాడని స్థలపురాణం. కార్తీక మాసంలో జాతర జరుగుతుంది. గుడి దగ్గర మెట్లు దిగితే కోనేరు. ఆ పరిసరాల్లోనే నది మొదలవుతుంది.

దీనికీ ఓ కథ ఉంది. కాలయవనుణ్ని కంటిచూపుతో భస్మం చేసిన ముచుకుంద మహర్షి, కృష్ణుడి పాదాలు కడిగాడట. ఆ నీరే ముచుకుందా నదిగా, వాడుకలో మూసీగా మారిందంటారు.

మెట్టినింట మరో కథ

పుట్టింట్లో సన్నటి పాయ. 1908 సెప్టెంబరులో అదే నది ఉప్పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ అలాంటి ముప్పు రాకూడదని 1920లో గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్‌ కట్టారు. వరద ఆగింది, నగరానికి తాగునీరూ దొరికింది. ఆ చెరువు దాటి ఊళ్లోకొచ్చాకే మూసీకి మురుగు తోడైంది. అలాగే సాగి, వాడపల్లి వద్ద కృష్ణమ్మలో కలుస్తుంది.

ఇప్పుడు బెంగంతా పుట్టింటి గురించే. ఇదే జిల్లాలోని దామగుండం అడవిలో రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడ సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ వీఎల్‌ఎఫ్‌ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణకు అది అవసరమని ప్రభుత్వం చెబితే, చెట్లు పోతే మూసీకి నీరెక్కడిదని పర్యావరణ ప్రేమికుల ప్రశ్న. తరతరాలుగా మొక్కుకున్న గుడికి దారి మూసుకుపోతుందేమోనని చుట్టుపక్కల పల్లెల దిగులు.

వానలు పడ్డాక వెళ్తే అనంతగిరి పచ్చగా కళకళలాడుతుంది. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. ఒక్కటే జాగ్రత్త... తీసుకెళ్లిన సీసాలూ కవర్లూ వెనక్కి తెచ్చుకోవాలి. అక్కడ పారేసింది ఏదో ఒకనాడు నీళ్లతోపాటు మన ఊరికే వస్తుంది మరి!