జొన్న గట్క, పెల్లాగ్రా

పెల్లాగ్రా ఎండను వెతుక్కుంటూ వస్తుంది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల పైన, రెండు పక్కలా సమానంగా చర్మం ముందు ఎర్రబారి మండుతుంది. తర్వాత నల్లబడి, గరుకెక్కి, పొలుసులుగా రాలుతుంది. చొక్కా కప్పినంత మేర మామూలుగానే ఉంటుంది. మెడ మీది మచ్చను వైద్యులు ‘కాసాల్ హారం’ అంటారు. 18వ శతాబ్దంలో ఈ జబ్బును వర్ణించిన స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసాల్. హారం రోగికి, కీర్తి వైద్యుడికి.

మూలం నియాసిన్ (బి3 విటమిన్) లోపం. తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడానికి ప్రతి కణానికీ అది కావాలి. కాబట్టి దెబ్బ చర్మంతో ఆగదు. నాలుక ఎర్రగా పుండవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, నిద్ర పట్టదు, మతి తప్పుతుంది. వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది.

నియాసిన్‌ను నేరుగా తినకపోయినా ఒంట్లో కొంత తయారవుతుంది. మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం సుమారు 60 మిల్లీగ్రాములుంటే 1 మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. నియాసిన్ పెద్దగా లేని పాలూ గుడ్లూ ఈ జబ్బును ఆపేది అందుకే. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ కూడా ఒంటికి పట్టదు. మెక్సికోవాళ్లు దాన్ని సున్నపు నీళ్లలో ఉడికించి ఆ చిక్కు విప్పుకున్నారు. యూరప్ గింజలు పట్టుకెళ్లింది, సున్నం సంగతి పట్టించుకోలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ జబ్బు అంటువ్యాధేనని పెద్దలు పట్టుబడితే, వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1916లో రోగుల రక్తం తనకే ఎక్కించుకుని చూపించాడు. ఏమీ కాలేదు. 1937లో శాస్త్రవేత్త ఎల్వెహ్యెమ్ నికోటినిక్ ఆమ్లమే, అంటే నియాసినే, మందని తేల్చాడు.

మన దక్కనులో మొక్కజొన్న కాదు, జొన్న. పూటపూటా గట్కో రొట్టెనో తప్ప మరొకటి దొరకని కూలీల్లో పెల్లాగ్రా కనిపించేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ పనికి అడ్డుపడుతుందని 1960లో హైదరాబాద్ పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. తర్వాతి ప్రయోగాలన్నీ ఆ మాటకు ఒప్పుకోలేదు. నా మటుకు నేరం జొన్నది కాదు, పక్కన పప్పూ పెరుగూ లేకపోవడానిది. ఇప్పుడు అదే జొన్నరొట్టెను డైటీషియన్ రాసిచ్చాడని డబ్బుపెట్టి తింటున్నవాళ్లకు పెల్లాగ్రా రాదు. వాళ్ల కంచంలో మిగతావన్నీ ఉంటాయి.

నియాసిన్‌కే మరో రూపమైన నికోటినమైడ్ మాత్రలతో నాలుక, కడుపు కొద్ది రోజుల్లో కుదుటపడతాయి, చర్మానికి వారాలు పడుతుంది. నేడు ఈ జబ్బు ఎక్కువగా తాగుడు ముదిరినవాళ్లలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ సరైన తిండి లేనివాళ్లలో కనిపిస్తుంది. ఎండ పడలేదనుకుని పూతమందు రాసిచ్చేముందు, ఏం తింటున్నావని ఒక్క మాట అడిగితే చాలావరకు దొరికిపోతుంది.