గోదావరి ఒడ్డు ఎక్కడ మొదలవుతుంది?

ధర్మపురి ఘాట్ల మీద దిగిన ఫోటో మనలో చాలామంది ఫోన్లలో ఉంటది. నరసింహస్వామి దర్శనం, గోదావరి స్నానం, ఆ తర్వాత ఒక సెల్ఫీ. ఆ ఫోటోలో వెనక కనిపించే ఒడ్డు అట్లనే మిగలాలంటే చట్టంలో ఏముందో వెతికాను.

అమెరికాలో అందమైన నదుల కోసమే ఒక చట్టం ఉంది. 1968లో ఎనిమిది నదులతో మొదలైంది. నది, లేదా దాంట్లో కొంత భాగం ఆ లిస్టులోకి ఎక్కితే అక్కడ కొత్త డ్యామ్‌కు ఫెడరల్ లైసెన్స్ రాదు. రెండు పక్కలా సగటున పావు మైలు దాకా ఒడ్డును కూడా నదితో కలిపి లెక్కేస్తారు.

మన దగ్గర అట్లాంటి చట్టం లేదు. సముద్ర తీరానికి 1991 నుంచి సీఆర్‌జెడ్ నిబంధనలున్నాయి. ఒడ్డు మీద, వరద పారే మైదానంలో కట్టడాలు వద్దని గంగ కోసం 2016లో కేంద్రం ఆర్డర్ ఇచ్చింది. గోదావరిని దక్షిణ గంగ అని పిలుచుకుంటాం గానీ ఆ ఆర్డర్ దీనికి వర్తించదు!

అంటే ఇక్కడ ఏమీ లేదని కాదు. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకాలకు హద్దు పెడుతుంది. ఇసుక నీళ్లను పట్టి ఉంచుతుంది, అది పోతే చుట్టుపక్కల బోర్లు కూడా ఎండుతాయి. ఇంకా కిందికి, మంచిర్యాల దిక్కు పోతే శివారం అభయారణ్యం. అక్కడ మొసళ్ల పుణ్యాన ఒడ్డుకు కూడా రక్షణ దొరికింది.

ఊళ్లో అసలు పని చేయాల్సింది మాత్రం 2012 బిల్డింగ్ రూల్స్, జీవో 168. నది హద్దు నుంచి మున్సిపాలిటీ బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు ఖాళీగా వదలాలి. ధర్మపురి 2018లో మున్సిపాలిటీ అయింది కాబట్టి ఇక్కడ 50. నాకిది తిరకాసుగా అనిపిస్తుంది. ఇండ్లు, లాడ్జిలు ఎక్కువగా లేచే చోటనే గీత నదికి దగ్గరగా జరిగింది.

ఇంతకీ 50 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? మన భాషలో చెప్పాలంటే కండిషన్ రాసి ఉంది, వేరియబుల్‌కు వాల్యూ ఇవ్వాలి. ఎండాకాలం ఇక్కడ రాళ్ల మధ్య మడుగులే మిగులుతాయి. 2022 జూలైలో అదే నది ఘాట్లను ముంచింది. ఏ రోజు నదిని నది అనుకోవాలి? ఆ హద్దును ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు తేల్చి సర్టిఫై చేయాలని రూల్‌లోనే ఉంది. అది మ్యాపులో ఉంటే సరిపోదు, నేల మీద కనబడాలి. ప్లాటు కొనేటోడు మ్యాపు చూడడు, రాయి చూస్తాడు.

2027లో మళ్లీ పుష్కరాలు. ఆ పనుల్లో మొదటి పనిగా హద్దురాళ్లు పాతితే, ఏది నది జాగ, ఏది లాడ్జి జాగ అని తర్వాత కోర్టు చుట్టూ తిరిగే పని ఉండదు.