ఇంటి లోపలి గోడను తొలగించే ముందు

పాత ఇంటిని నేటి అవసరాలకు అనువుగా మార్చుకోవాలన్న కోరిక సహజమైనది. రెండు చిన్న గదుల నడుమ గోడ తీసి ఒకే హాలుగా చేసుకోవడం, వంటగదిని విశాలపరచుకోవడం చెన్నైలో ఏ వీధిలోనైనా కనిపించే పనులే. అయితే కట్టడానికి ఇంజనీరును సంప్రదించే గృహస్థులు, కూల్చడానికి మాత్రం సమ్మెట పట్టగల మనిషి చాలునని భావిస్తారు. ప్రమాదానికి బీజం అక్కడే పడుతున్నది.

ఏ గోడ దేనిని మోస్తున్నది?

జార్జి టౌన్, ట్రిప్లికేన్, మైలాపూరు వంటి ప్రాంతాల పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు. గోడలే కప్పును మోస్తాయి. టేకు దూలాలపై ఇటుకలను సున్నంతో పేర్చి వేసిన మద్రాసు టెర్రస్ కప్పులలో దూలాల కొనలు గోడలపైనే ఆని ఉంటాయి. అట్టి గోడను తీస్తే కప్పునకు ఆధారమే పోతుంది.

పిల్లర్లు, బీములతో కట్టిన ఇళ్లలో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలు సాధారణంగా గదులను వేరుచేయడానికే ఉంటాయి. అయినప్పటికీ మందం ఒక్కటే ప్రమాణం కాదు. స్లాబు ఆ గోడపై ఆనుతున్నదా, పై అంతస్తులో అదే వరుసలో మరొక గోడ ఉన్నదా అన్నది పరిశీలించాలి. ఇటీవలి అపార్ట్‌మెంట్లు కొన్నింటిలో అల్యూమినియం అచ్చులలో కాంక్రీటు పోసి గోడలు నిలుపుతున్నారు. అక్కడ గోడలే భవనానికి స్తంభాలు. ద్వారం వెడల్పు చేయడానికైనా వాటిని కోయరాదు. భారం మోసే భాగాన్ని మార్చదలచినవారు స్ట్రక్చరల్ ఇంజనీరు అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా పొంది, అనుమతి విషయం జోనల్ కార్యాలయంలో ముందుగానే తెలుసుకోవాలి.

పని క్రమం

మొదట గ్యాస్ సిలిండరును తొలగించి, ఆ భాగానికి వచ్చే విద్యుత్తును, నీటిని నిలిపివేయాలి. గోడలో దాగిన తీగలు, గొట్టాలు ఎటు పోతున్నవో సుద్దతో గుర్తించాలి. తలుపులు, అల్మారాలు, టైల్సు తీసిన పిమ్మటనే గోడను ముట్టాలి. గోడను పైనుండి కిందికి, వరుస వెంట వరుసగా విప్పాలి. అడుగున కొట్టి ఒక్కసారిగా పడగొట్టడం శీఘ్రంగా తోచినా, అది పనివాని మీదనే పడవచ్చు.

శిథిలాల బరువు

పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సుమారు 2 టన్నులు తూగుతుంది. నివాస గృహాల స్లాబును మనుషులు, సామాను వంటి భారానికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన రూపొందిస్తారు. అర మీటరు ఎత్తున పోసిన ఇటుక ముక్కలు చదరపు మీటరుకు దాదాపు 600 కిలోలవుతాయి. కనుక మేడపై శిథిలాలను కుప్పగా పోయరాదు. సంచులకెత్తి ఏ పూటకు ఆ పూట కిందికి దింపాలి.

దుమ్ము, చెత్త

ఇటుక, కాంక్రీటు, టైల్సు ధూళిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి దానిని పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది; ఆ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. నీరు చల్లుతూ పనిచేయించాలి, పనివారికి తగిన మాస్కులు ఇవ్వాలి. ఆస్‌బెస్టాస్ రేకులుంటే పగలగొట్టక, తడిపి, పూర్తి రేకులుగానే దింపించాలి.

కూల్చివేత వ్యర్థాలను ఇతర చెత్తతో కలపరాదని, వీధిలోను, కాలువలలోను వేయరాదని 2016 నాటి కేంద్ర నియమాలు విధించాయి. మన ఇంటి ఇటుక ముక్కలతో పూడిన కాలువ ఐప్పసి, కార్తీక వానలలో మన వీధినే ముంచుతుంది.

చివరగా ఒక మాట. 2014 జూన్ 28న నగర శివారు మౌలివాక్కంలో, నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి కూలికి వచ్చినవారు అనేకులు. మన ఇంటి గోడ విప్పే మనిషి కూడా అటువంటి ఊరినుండి వచ్చినవాడే కావచ్చు. గోడను ముట్టే ముందు ఇంజనీరుకు చెల్లించే రుసుము అతని ప్రాణానికి, మన కుటుంబానికి కూడా రక్షణ.