గోడౌను కప్పుకు ఫోమ్ ఎవరికి గిట్టుబాటు?

తాడేపల్లిగూడెం: వ్యాపార భవనాల రేకు కప్పులపై స్ప్రే ఫోమ్ వేయించడం గిట్టుబాటు అవుతుందా, కాదా అన్నది ముఖ్యంగా లోపల నిల్వ ఉండే సరకును బట్టి, ఆపైన రేకు పటుత్వాన్ని బట్టి ఉంటుంది.

రెండు ద్రవాలను యంత్రంతో కలిపి చిమ్మగా క్షణాల్లో పొంగి గట్టిపడే పాలీయూరిథేన్ నురుగే స్ప్రే ఫోమ్. అతుకులు లేకుండా పరుచుకుని రేకుల సందులను మూసివేస్తుంది. ఎండ వేడిని చాలావరకు ఆపుతుంది.

కొల్లేరు పరిసరాల్లోని కైకలూరు, ఆకివీడు ప్రాంతాల ఐసు ఫ్యాక్టరీలకు, చేపల ప్యాకింగు షెడ్లకు దీనివల్ల ప్రయోజనం ఎక్కువ. అక్కడ లోనికి వచ్చే వేడికి కరెంటు బిల్లు రూపంలోనో, కరిగే ఐసు రూపంలోనో రోజూ మూల్యం చెల్లించక తప్పదు. అయితే ఇప్పటికే పఫ్ ప్యానెళ్లతో కట్టిన శీతల గదులకు పైన మరల ఫోమ్ వేస్తే కలిగే అదనపు లాభం స్వల్పమే.

బియ్యం గోడౌన్లకూ ఇది మేలే. శీతాకాలపు రాత్రుల్లో రేకు చల్లబడి అడుగున చెమర్చి, ఆ నీరు బస్తాలపై పడుతుంది. పైన ఫోమ్ ఉంటే రేకు అంతగా చల్లబడదు.

ఉల్లి సంగతి వేరు. దానికి కావలసింది గాలి. కప్పు మొగలి వద్ద, చూరు వద్ద ఉన్న ఖాళీలను ఫోమ్ మూసివేస్తే లోపలి తేమ బయటకు పోక సరకు కుళ్లుతుంది. ఏలూరు మార్కెట్‌కు వచ్చే నిమ్మ వంటి త్వరగా కదిలిపోయే సరకుకు ఇంత పెట్టుబడి అనవసరం. తెల్లని చలువ పూత చాలు.

తుప్పు పట్టిన రేకుకు ఫోమ్ సరిగా అంటదు. బోల్టులు వదులైన కప్పు తుపాను గాలికి లేస్తే ఫోమూ దానితోనే పోతుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనను, 1996 నవంబరు కోనసీమ తుపానును చూసిన జిల్లాల్లో ఇది మరువరాని విషయం. ఆస్బెస్టాస్ రేకులను వైరు బ్రష్షుతో గీకరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

బేరమాడేటప్పుడు చదరపు మీటరు ధర ఒక్కటే అడిగితే చాలదు. మందమెంత, సాంద్రత ఎంత అన్నది కాగితంపై రాయించుకోవాలి. వెయ్యి చదరపు మీటర్ల కప్పుపై 5 సెంటీమీటర్ల మందాన వేస్తే 50 ఘనపు మీటర్ల ఫోమ్ అవుతుంది. ఘనపు మీటరుకు 45 కిలోల చొప్పున 2,250 కిలోల పదార్థం పడుతుంది. అంతకు బాగా తక్కువ తెచ్చిన కాంట్రాక్టరు ఎక్కడో పలచన చేస్తున్నట్లే.

ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి పొడి రాలుతుంది. అందుచేత పైన సిలికోన్ లేక యాక్రిలిక్ పూత తప్పనిసరి. ఆ పూతను కొన్నేళ్లకొకసారి మళ్లీ వేయించే ఖర్చు కూడా లెక్కలో చేర్చాలి. ఫోమ్ మండే పదార్థం కనుక గోనె, జనపనార నిల్వలున్నచోట కప్పుపై వెల్డింగు పనులు సాగనివ్వరాదు.

రేకుపై మంచు తడి ఆరిన తరువాతే పని మొదలు పెట్టాలి. వర్షాకాలం ఇందుకు అనువు కాదు. ముందుగా బోల్టులు బిగించి, చిల్లు రేకులు మార్పించి, గత వేసవి కరెంటు బిల్లులను, తడిసి పోయిన సరకు విలువను లెక్క చూసుకోవాలి. పదేళ్లలో ఆ నష్టం ఫోమ్ ఖర్చును మించేటట్లయితేనే వేయించుకోవడం మంచిది.